బడికి పుస్తకాలా, యాప్‌లా? లైబ్రరీ బాధ్యత మోస్తున్న టీచర్లకు ఒక పోలిక

లైబ్రరీ గ్రాంటు పడిన వారం స్టాఫ్‌రూమ్‌లో మాట రెండు పక్కలకు చీలిపోతుంది. "ఐఎఫ్‌పీ ఉంది, దీక్ష ఉంది, మళ్లీ పుస్తకాలెందుకండీ, బీరువాలో చెదలకు పెట్టడానికా" అంటారు ఒకరు. (ఐఎఫ్‌పీ అంటే క్లాసులో పెట్టే పెద్ద టచ్ తెర, దీక్ష అంటే పాఠాలుండే సర్కారు యాప్.) "ఆ తెరలు నాలుగేళ్లు నడిస్తే గొప్ప, పుస్తకమైతే ఎటూ పోదు" అంటారు ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ ఆ కొనేది ఎవరి చేతిలో ఉండబోతోంది, పిల్లల చేతిలోనా, మన చేతిలోనా అన్నది ఇద్దరూ అడగరు. అది తేల్చుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అచ్చు పుస్తకం పిల్లలకు, డిజిటల్ వనరు టీచరుకు. మినహాయింపులు ఉన్నాయి, అవీ చెబుతాను. కానీ ప్రైమరీ, యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూళ్లలో ఉన్న కాస్త డబ్బూ, అంతకన్నా తక్కువున్న టైమూ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ఈ విభజన బాగా పనికొస్తుంది.

డబ్బు లెక్క ముందు

బడులకు సర్కారు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద లైబ్రరీ గ్రాంటు బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా ఉంటుంది. ప్రైమరీ స్కూలుకు 5,000. 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలనీ, అందులో న్యూస్‌పేపరు, పత్రికలు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలతో పాటు కథల పుస్తకాలు కూడా ఉండాలనీ రాసి ఉంది. డబ్బు బడికి రాకుండా పైనుంచి పుస్తకాలే కట్టలుగా దిగే సంవత్సరాలు కూడా ఉంటాయి. అలాంటప్పుడు మీకు కొనే బాధ ఉండదు, వచ్చినవాటిలో ఏవి ఏ క్లాసుకో వేరుచేసే పని మాత్రం ఉంటుంది.

మీ చేతికే 5,000 వచ్చిందనుకుందాం. పిల్లల బొమ్మల కథల పుస్తకం సగటున యాభై రూపాయలనుకుంటే వంద పుస్తకాలు. నలభై మంది ఉన్న బడికి ఒక్కొక్కరికి రెండున్నర. తక్కువేమీ కాదు.

ఇక్కడ చాలామందికి వచ్చే ఆలోచన ఒకటుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో కథలన్నీ ఉచితమే కదా, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీయించుకుంటే పోలేదా అని. లెక్క వేసి చూడండి. పదహారు పేజీల కథ, జిరాక్స్ షాపులో కలర్ పేజీ పది రూపాయలనుకుంటే 160 అవుతుంది. షీటుకు రెండు పేజీలు వేయించి, స్టేపుల్ కొట్టించినా ఎనభై. అదే పుస్తకాన్ని ప్రథమ్ బుక్స్ వాళ్లు మంచి కాగితం మీద అచ్చువేసి అంతకన్నా తక్కువకే అమ్ముతుంటే ఈ శ్రమ దండగ. బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తే చవకే, కానీ బొమ్మలో ఏనుగు ఎక్కడుందో, రాయి ఎక్కడుందో తెలియదు. ఒకటో తరగతి పిల్లకు కథలో సగం ఆ బొమ్మే. కాబట్టి ఉచితం అన్న మాట చూసి తొందరపడొద్దు. ప్రింట్ తీయించడం రెండు సందర్భాల్లోనే లాభం: బజారులో దొరకని కథ, లేదా మీ పిల్లలే తిరగరాసిన, అనువదించిన కథ.

బీరువా, మూల, పెట్టె

పుస్తకాలు కొన్నాక వాటిని ఎలా నడపాలన్నది అసలు పంచాయితీ. పల్లె పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వే వాళ్లు గ్రామీణ ప్రభుత్వ బడులకు వెళ్లిన రోజున పిల్లలు పాఠ్యపుస్తకాలు కాని పుస్తకాలు వాడుతూ కనిపించిన బడులు దేశం మొత్తమ్మీద 2018లో 36.9 శాతం, 2022లో 44 శాతం, 2024లో 51.3 శాతం. పెరుగుతున్న మాట నిజమే. మిగతా సగం బడుల్లో పుస్తకాలు అసలు లేకనా, ఉండి తాళంలో ఉన్నాయా అంటే, మన మండలాల్లో తిరిగిన ఎవరినడిగినా రెండోదానికే చెయ్యెత్తుతారు.

తాళానికి కారణం బద్ధకం కాదు, భయం. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టరులో తేడా వస్తుంది, ఆడిట్‌లో అడుగుతారు, ఇన్‌ఛార్జి జేబులోంచి కట్టాల్సి వస్తుంది. ఈ భయం తీరకుండా ఎన్ని పుస్తకాలు కొన్నా బీరువా బరువు పెరగడమే. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు వర్తించే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో (2017) ఒక మాట ఉంది: ఏడాదిలో ఇష్యూ అయిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజంగానే లెక్కించవచ్చు, నిర్లక్ష్యమో మోసమో లేకపోతే. మన రాష్ట్రాల బడులకు ఆ రూలు నేరుగా వర్తించదు. కానీ సర్కారు రూల్స్ రాసినవాళ్లే లైబ్రరీ అన్నాక కొన్ని పోతాయని ఒప్పుకున్నారని హెచ్‌ఎంకు చూపించడానికి పనికొస్తుంది. ఏడాది మొదట్లోనే ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) మీటింగులో, చిరిగిన, పోయిన పుస్తకాలను ఏడాది చివర తీర్మానంతో లెక్కలోంచి తీసేస్తామని ఒక లైను మినిట్స్‌లో ఎక్కించండి. నా దృష్టిలో బడి లైబ్రరీకి దీనంత ముఖ్యమైన కాగితం ఇంకొకటి లేదు.

ఇప్పుడు పద్ధతులు. మొదటిది వేరే గది, టేబుళ్లు, వారానికొక లైబ్రరీ పీరియడ్. హైస్కూలుకు ఇది సరిపోతుంది. ఆరు నుంచి పది దాకా పిల్లలు తమకు కావలసింది వెతుక్కోగలరు, ప్రాజెక్టు వర్కుకు కూర్చునే చోటు కూడా కావాలి. చిక్కేమిటంటే సిలబస్ వెనకబడినప్పుడల్లా ముందు ఎగిరిపోయేది ఆ పీరియడే. మ్యాథ్స్ మాస్టారు అడిగితే ఎవరు కాదంటారు?

రెండోది క్లాసురూమ్ మూల. తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీయడం, లేదా గోడకు జేబుల గుడ్డ తగిలించడం. చాదస్తంగా కనిపిస్తుంది కానీ ప్రైమరీకి దీన్ని మించింది లేదు. కారణం చిన్నదే. బీరువాలో పుస్తకం వీపు కనిపిస్తుంది, తాడు మీద ముఖం కనిపిస్తుంది. చదవడం రాని పిల్ల అట్ట మీద బొమ్మ చూసి తీస్తుంది. ముప్పై పుస్తకాలు తగిలించి నెలకోసారి పక్క క్లాసుతో మార్చుకుంటే చాలు.

మూడోది తిరిగే పెట్టె. స్కూల్ కాంప్లెక్స్‌లో (దగ్గరి బడులన్నీ కలిపిన గుంపులో) ఐదారు చిన్న బడులుంటే, ఒక్కోటి యాభై పుస్తకాలు వేర్వేరుగా కొని, ట్రంకు పెట్టెలో రెండు నెలలకోసారి మార్చుకోవడం. ఇరవై మంది పిల్లలున్న సింగిల్ టీచర్ బడికి ఇది వరం. ఒకే గ్రాంటుతో ఏడాదిలో రెండొందల యాభై పుస్తకాలు పిల్లల కంటపడతాయి. మోసేది ఎవరు అన్నది మాత్రం ముందే మాట్లాడుకోవాలి. కాంప్లెక్స్ మీటింగుకు ఎలాగూ వెళ్తారు కాబట్టి ఆ రోజే మార్చుకుంటే ప్రత్యేకంగా తిరగక్కర్లేదు. తెలుగువాళ్లకు ఇదేమీ కొత్త సంగతి కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినప్పటి నుంచి పుస్తకాన్ని చదివేవాడి ఊరికి మోసుకెళ్లడం మన గ్రంథాలయోద్యమంలో ఉన్నదే. కృష్ణా కాలువల మీద పడవల్లో కూడా లైబ్రరీలు నడిపారు.

నాలుగోది స్వచ్ఛంద సంస్థ వచ్చి పెట్టే లైబ్రరీ. రూమ్ టు రీడ్ లాంటివాళ్లు పుస్తకాలతో పాటు ర్యాకులు, ట్రైనింగు, అన్నిటికన్నా మించి చదివే స్థాయిని బట్టి రంగుల వర్గీకరణ ఇస్తారు. ఆకుపచ్చ నుంచి మొదలై ఎరుపు, నారింజ, తెలుపు, నీలం, పసుపు దాకా మెట్లుంటాయి. పిల్ల తన రంగు ర్యాకు దగ్గరికి తనే వెళ్తుంది. అవకాశం వస్తే ఒప్పుకోండి. కానీ ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ప్రాజెక్టు ముగిసి వాళ్లు వెళ్లాక కొత్త పుస్తకాలకు డబ్బెక్కడిది? వాళ్లడిగే నెలనెలా రిపోర్టులు ఎవరు రాస్తారు? రాసేది మీరే అయితే ఆ టైము కూడా ఖర్చు కిందే వేసుకోండి. సంస్థ రాకపోయినా రంగుల పద్ధతి మీరే పెట్టుకోవచ్చు. స్టేషనరీ షాపులో రంగు స్టిక్కర్లు దొరుకుతాయి.

ఇష్యూ రిజిస్టరు మాట

లైబ్రరీ లెక్కలు చూసే కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. న్యూజీలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ కోసం తయారై 2000లో బయటికొచ్చింది, ఇప్పుడు ప్రపంచమంతా యూనివర్సిటీలు వాడుతున్నాయి. కేంద్ర ప్రభుత్వ కంప్యూటరు సంస్థ ఎన్‌ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ కూడా ఉంది. రెండూ మంచివే, రెండూ ఐదొందల పుస్తకాల బడికి అక్కర్లేనివి. సర్వరు చూసుకునే మనిషి ఉన్న పెద్ద గురుకులాలు, రెసిడెన్షియల్ కాలేజీలు, వేల పుస్తకాలున్న ప్రైవేటు స్కూళ్లు ఆలోచించుకోవచ్చు.

మిగతా అందరికీ లాంగ్ నోటుబుక్కే. మీ దగ్గరుండాల్సింది యాక్సెషన్ రిజిస్టరు (వచ్చిన ప్రతి పుస్తకం ఎక్కే పట్టిక), అది మీరే రాయాలి: వరస నంబరు, పేరు, రచయిత, వెల, వచ్చిన తేదీ, ఎక్కడి నుంచి. అదే నంబరు పుస్తకం మొదటి పేజీలోనూ అట్ట మీదా మార్కరుతో వేయాలి. ఇష్యూ పుస్తకం మాత్రం ఏడో తరగతి పిల్లల చేతికి ఇచ్చేయండి. గడులు నాలుగే: తేదీ, పుస్తకం నంబరు, పేరు, తిరిగిచ్చిన తేదీ. చాలా చోట్ల ఫార్మాట్‌లో రచయిత, ప్రచురణకర్త, టీచరు సంతకం అంటూ తొమ్మిది గడులు ఉంటాయి. అవన్నీ నింపేసరికి ఇంటర్వెల్ బెల్లు అయిపోతుంది, పిల్లలు రావడం మానేస్తారు. పిల్లలే లైబ్రేరియన్లయితే ఇంకో లాభముంది: ఎవరి ఇంట్లో ఏ పుస్తకం ఉండిపోయిందో వాళ్లకు రిజిస్టరు చూడకుండానే తెలుసు.

ఏడాది చివర ఈ నోటుబుక్కే మీకు దారి చూపుతుంది. ఏ నంబరు పదిసార్లు వెళ్లిందో, ఏది ఒక్కసారీ కదల్లేదో చూసి కొత్తవి కొనండి. మన దేశంలో లైబ్రరీ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిది పుస్తకాలున్నది వాడటానికి అని. అక్కడే సగం మంది ఆగిపోతాం.

ఏం కొనాలి

తెలుగులో పిల్లల పుస్తకాలు లేవనడం ఇప్పుడు సరికాదు. సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్లవి వెల తక్కువ, ఎంపిక బాగుంటుంది. నేషనల్ బుక్ ట్రస్ట్‌వి పాత నమ్మకం. ప్రథమ్ బుక్స్ బొమ్మలకు పెట్టింది పేరు. చెన్నై తూలిక వాళ్లవి తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒకే పేజీలో ఉండే పుస్తకాలు దొరుకుతాయి. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలే ద్విభాషా పద్ధతిలో వస్తున్నాయి కాబట్టి పిల్లలకు అదేమీ వింత కాదు, ఇంగ్లిష్ మీడియంలో తడబడే మూడో తరగతికి బాగా సాయపడతాయి.

కొనేటప్పుడు అట్ట మీద లెవెల్ 1, లెవెల్ 2 అని ఉన్నదాన్ని పూర్తిగా నమ్మొద్దు. ఈ లెవెళ్లు చాలావరకు వాక్యం పొడవు, మాటల సంఖ్య చూసి పెట్టినవి. తెలుగులో పిల్లకు కష్టం అక్కడ రాదు, ఒత్తు దగ్గర వస్తుంది. "ఆవు ఏరు దాటింది" ఎంత పొడుగైనా గుణింతాలు వచ్చిన పిల్ల లాక్కుంటూ చదివేస్తుంది. "స్వాతి పుట్టినరోజు" రెండు మాటలే, కానీ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. వేరే భాషలో రాసి తెలుగులోకి తెచ్చిన లెవెల్ 1 కథల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఏదో ఒక పేజీ తెరిచి సంయుక్తాక్షరాలు లెక్కపెట్టండి. రెండు మూడు దాటితే అది రెండో తరగతి దాటినవాళ్లకే. ద్విత్వాలు (అమ్మ, అక్క, పిల్లి) అంత ఇబ్బంది కాదు, నోటికి అలవాటైన మాటలు కాబట్టి కంటితోనే పట్టేస్తారు.

పెద్ద పిల్లలకు కథలే కొనొద్దు. సైన్సు ప్రయోగాలు, పక్షులు, క్రికెటర్ల జీవితాలు, జనరల్ నాలెడ్జి, పొడుపు కథలు కూడా ఉండాలి. కథ చదవని మగపిల్లలు చాలామంది విమానాల పుస్తకం దగ్గర ఆగుతారు. పోటీ పరీక్షల గైడ్లు మాత్రం ఈ డబ్బుతో వద్దు.

డిజిటల్ వైపు: టీచరుకు ఏది దేనికి

దీక్ష 2017 సెప్టెంబరు 5న మొదలైంది. పాఠ్యపుస్తకంలో ప్రతి పాఠం దగ్గరా ఉండే క్యూఆర్ కోడ్ దీనిలోకే తీసుకెళ్తుంది. ట్రైనింగుల కోసం మనందరి ఫోన్లలో ఎలాగూ ఉంది, సర్టిఫికెట్టు వచ్చాక మళ్లీ తెరిచేవాళ్లే తక్కువ. పాఠానికి ఇది ఎంతవరకు పనికొస్తుందంటే, సబ్జెక్టును బట్టి. సైన్సు, సోషల్ వీడియోలు కొన్ని చక్కగా ఉంటాయి. కొన్ని పాఠ్యపుస్తకాన్నే పైకి చదివినట్టుంటాయి. క్లాసులో అప్పటికప్పుడు స్కాన్ చేసి ప్లే కొట్టడం సరైన పద్ధతి కాదు. నెట్ తిరుగుతూ ఉంటుంది, పిల్లలు తిరుగుతున్న గుండ్రాన్ని చూస్తూ ఉంటారు. ముందురోజే ఇంట్లో చూసి, పనికొచ్చే రెండు నిమిషాలు ఎక్కడున్నాయో రాసుకుని, యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లండి.

సైన్సు, మ్యాథ్స్ టీచర్లకు నేను దీక్ష కన్నా ముందు ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీదే చేసే ప్రయోగాలు) చెబుతాను. కొలరాడో యూనివర్సిటీలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది, పూర్తిగా ఉచితం. వీడియోను పిల్లలు చూస్తారు, ఇక్కడైతే పిల్లలే తీగలు కలుపుతారు. సర్క్యూట్ కిట్‌లో రెండు బల్బులను శ్రేణిలో పెడితే వెలుతురు తగ్గడం, సమాంతరంగా పెడితే తగ్గకపోవడం ఐఎఫ్‌పీ మీద ఒక పిల్లను పిలిచి చేయిస్తే ఆ పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు. చాలావాటిని ఫైలుగా దించుకుని నెట్ లేకుండా బ్రౌజరులో తెరవచ్చు. కొన్నిటికి తెలుగు అనువాదం కూడా ఉంది. లేనిచోట కనిపించే ఇంగ్లిష్ మాటలు పదో పన్నెండో, బోర్డు మీద రాసిపెట్టుకోవచ్చు.

ల్యాబు లేని బడికి ఇంకో పక్క అరవింద్ గుప్తా సైట్ ఉంది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు, పాత సీడీలతో చేసే బొమ్మలు, వాటి ఫోటోలు, వీడియోలు, తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు కూడా. ఫెట్, అరవింద్ గుప్తా రెండింటిలో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే నా ఓటు రెండోదానికే, ఎందుకంటే పిల్లలు ఇంటికెళ్లి మళ్లీ చేసుకోగలరు. విద్యుత్తు, అణువు లాంటి కంటికి కనపడని పాఠాలకు ఫెట్.

తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ నిపుణ, విద్య ఛానెళ్లు, కేంద్రం పీఎం ఈ-విద్య ఛానెళ్లు టీవీ ప్రసారాలు. టైమ్‌టేబులుతో కుదరవు. వాటి రికార్డింగులు టీచరు ప్రిపరేషన్‌కు, పదో తరగతి రివిజన్‌కు చాలు.

నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఐఐటీ ఖరగ్‌పూర్ నడుపుతోంది, 2018లో దేశానికి అంకితమైంది. పేరు పెద్దది కదా అని బడి కోసం అక్కడికి వెళ్తే నిరాశే. డిపార్ట్‌మెంట్ టెస్టులకో, పీజీకో చదువుకుంటున్న టీచరుకు మంచి చోటు. పాత తెలుగు పుస్తకాలు, శతకాలు, వ్యాసాలు కావలసిన తెలుగు పండితులకు తెలుగు వికీసోర్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ రెండూ గనులే. వికీసోర్స్‌లో టైపు చేసిన పాఠం ఉంటుంది కాబట్టి పద్యం కాపీ చేసి వర్క్‌షీటులో పెట్టుకోవచ్చు. ఆర్కైవ్‌లో చాలావరకు స్కాన్ చేసిన పేజీలే.

వాట్సాప్, టెలిగ్రాం గ్రూపుల్లో తిరిగే కొత్త పుస్తకాల పీడీఎఫ్‌ల గురించి ఒక మాట. మన చట్టంలో కాపీరైటు రచయిత జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు. పాఠం చెప్పే క్రమంలో టీచరు ఒక భాగాన్ని కాపీ తీసి క్లాసులో వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. మొత్తం పుస్తకాన్ని మండలం గ్రూపులో పడేయడానికి ఇవ్వదు. అసలే అంతంతమాత్రంగా అమ్ముడుపోయే తెలుగు పిల్లల పుస్తకాన్ని మనమే చంపుకోవడం ఎందుకు?

పిల్లలకు తెర ఇవ్వక తప్పనప్పుడు

ముందే చెప్పిన మినహాయింపులు ఇవి. చూపు సరిగా లేని పిల్లలకు, పుస్తకం పట్టుకోలేని పిల్లలకు అచ్చు పుస్తకం తలుపు మూసినట్టే. వాళ్ల కోసం 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయ ఉంది. మీ బడిలో సీడబ్ల్యూఎస్‌ఎన్ (ప్రత్యేక అవసరాలున్న) పిల్లలుంటే వాళ్లకు పాఠం చెప్పే ఐఈఆర్‌పీ టీచరుతో మాట్లాడి సభ్యత్వం ఇప్పించండి. మిగతా డిజిటల్ ఏర్పాట్లన్నిటికన్నా ఇది ముందు.

చదవడంలో బాగా వెనకబడి, పక్కన కూర్చుని వినే మనిషి లేని పిల్లలకు గూగుల్ రీడ్ ఎలాంగ్ యాప్. పిల్ల పైకి చదువుతుంటే విని, తప్పిన మాట పలికి చూపిస్తుంది. తెలుగులో పనిచేస్తుంది, కథలు ముందే దించుకుంటే నెట్ అక్కర్లేదు. చిన్న చిక్కు: క్లాసంతా ఒకేసారి చదివితే ఆ గోలలో ఎవరి మాటా పట్టుకోదు. వరండా మూలకొకరిని కూర్చోబెట్టాలి. మన ఊళ్ల యాసకు కూడా అప్పుడప్పుడు తప్పు పడుతుంది. ఆ తప్పు పిల్లది కాదని వాళ్లకు ముందే చెప్పండి.

ఇంటి దగ్గర తల్లిదండ్రుల ఫోన్‌లో చదివించాలంటే స్టోరీవీవర్, రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ రెండే చూడండి. నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే ఈ-పుస్తకాలయలో 3 నుంచి 8, 8 నుంచి 11, 11 నుంచి 14, 14 నుంచి 18 ఏళ్లని వయసు వారీగా విడదీసి ఉంటాయి, హైస్కూలు పిల్లలకు కావలసిన చరిత్ర, జీవిత చరిత్రలు దొరుకుతాయి. తెలుగు కథలు ఎక్కువ, దించుకోవడం తేలిక, చిన్నపిల్లలకు తగినవి అంటే స్టోరీవీవర్. పైగా అక్కడివి ఓపెన్ లైసెన్సు కథలు: తర్జుమా చేయచ్చు, మార్చచ్చు, అచ్చేయచ్చు, రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచితే చాలు. "ఇదే కథను మన ఊరి మాటల్లో రాయండి" అని ఆరో తరగతికి ఇవ్వడానికి ఇంతకన్నా మంచి సరుకు లేదు. శ్రీకాకుళం పిల్లల చేతిలోనూ ఆదిలాబాద్ పిల్లల చేతిలోనూ ఒకే కథ రెండు కథలవుతుంది.

లైసెన్సు సంగతి ఎందుకు ఇంత చెబుతున్నానంటే, 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చినప్పుడు వాటిలో బైజూస్ అనే ప్రైవేటు కంపెనీ పాఠాలు లోడ్ చేసి ఇచ్చారు. 2024లో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠం నాణ్యత సంగతి అటుంచితే, కంపెనీ పాఠం కంపెనీ ఉన్నంతవరకే సాగుతుంది, కొత్తవి చేరవు, తప్పులు దిద్దేవాళ్లుండరు. ప్రైవేటు స్కూళ్లలో స్మార్ట్ క్లాసు ప్యాకేజీ కొనమని సేల్స్ వాళ్లు వస్తే ఈ సంగతే అడగండి: డబ్బు కట్టడం ఆపేసిన మర్నాడు మా దగ్గర ఏం మిగులుతుంది? ఏమీ మిగలదంటే ఆ ధరకు ఎన్ని పుస్తకాలు వస్తాయో లెక్క వేసుకోండి. పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు అడిగే యాప్ అయితే, పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలనే 2023 డేటా చట్టం గుర్తుంచుకోండి.

నెట్ లేని బడికి

ఏజెన్సీ ప్రాంతాల్లోనూ, సిగ్నల్ కోసం మేడెక్కాల్సిన ఊళ్లలోనూ పైన చెప్పిన యాప్‌ల జాబితా వెక్కిరింతలా ఉంటుంది. అక్కడ నెట్ లేకుండా పాఠాలు అందించే కోలిబ్రీ సాఫ్ట్‌వేర్ చూడండి. ఒక పాత ల్యాప్‌టాప్ చాలు. మండల కేంద్రంలోనో ఇంట్లోనో నెట్ ఉన్నచోట ఒకసారి కావలసిన ఛానెళ్లు దించుకుంటే, బడిలో వైఫై రూటరుతో పది ఫోన్లకు, ట్యాబులకు నెట్ లేకుండానే అందిస్తుంది. స్టోరీవీవర్ కథలు, ఫెట్ ప్రయోగాలు, ప్రథమ్ వాళ్ల పాఠాలు అందులో ఛానెళ్లుగా ఉన్నాయి. పెన్‌డ్రైవులో పక్క బడికి ఇవ్వచ్చు. మొదటిసారి పెట్టడం కొంచెం కష్టం. కంప్యూటరు తెలిసిన మనిషితో ఒక ఆదివారం కూర్చోవాలి. అంత ఓపిక లేకపోతే కివిక్స్ యాప్ తేలిక: తెలుగు వికీపీడియా మొత్తం ఒక ఫైలుగా దించుకుని ఆఫ్‌లైన్‌లో చదవచ్చు. ప్రాజెక్టు వర్కులకు సరిపోతుంది.

ఇవేవీ కుదరకపోతే కంగారు అక్కర్లేదు. టీచరు ఫోన్‌లో రాత్రి దించుకున్న ఒక కథ, పొద్దున పైకి చదివి వినిపిస్తే అదీ డిజిటల్ వనరే.

ఇక తేల్చుకోండి

ఇరవై, ముప్పై మంది ఉన్న ప్రైమరీ: గ్రాంటంతా పుస్తకాలకు, క్లాసులో తాడు, కాంప్లెక్స్‌తో తిరిగే పెట్టె. డిజిటల్ మీ ఫోన్‌లో స్టోరీవీవర్, అంతే. యూపీ స్కూలు: మూడొంతుల డబ్బు పుస్తకాలకు, మిగిలినదాంతో ఒక పిల్లల మాసపత్రిక చందా, ఒక పెన్‌డ్రైవు, సైన్సు మాస్టారికి ఫెట్, అరవింద్ గుప్తా. ఐఎఫ్‌పీ ఉన్న హైస్కూలు: లైబ్రరీ పీరియడ్‌ను టైమ్‌టేబులులో మధ్యాహ్నం మొదటి పీరియడ్‌గా వేయించండి, ఆఖరి పీరియడ్‌గా వేస్తే ఆటలకో, ర్యాలీలకో పోతుంది. న్యూస్‌పేపరు రెండు రకాలు తెప్పించండి, ఒకే వార్త రెండింట్లో ఎలా వచ్చిందో పిల్లలు పోల్చి చూస్తారు.

బదిలీల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. మీ దీక్ష లాగిన్ మీతోనే వెళ్తుంది, మీ ఫోన్‌లో దించుకున్నవన్నీ మీతోనే వెళ్తాయి. కాబట్టి బడి పేరుతో ఒక మెయిల్ ఐడీ తీసి, వర్క్‌షీట్లు, లింకులు అన్నీ ఆ డ్రైవులో పెట్టండి. ఛార్జి అప్పగించే రోజు కాగితంలో ఐదు వివరాలు రాయించండి: బీరువా తాళాలు ఎన్ని, యాక్సెషన్ రిజిస్టరులో ఆఖరి నంబరు ఎంత, పిల్లల ఇళ్లలో ఉన్న పుస్తకాల నంబర్లు ఏవి, బడి మెయిల్ పాస్‌వర్డు, కోలిబ్రీ పెట్టుకుంటే దాని అడ్మిన్ పాస్‌వర్డు. పుస్తకాలు వెనక్కి రావాలని ఏప్రిల్ మొదట్లోనే అసెంబ్లీలో చెప్పడం మొదలుపెట్టాలి, పరీక్షలయ్యాక పిల్లలు అమ్మమ్మగారిళ్లకు వెళ్లిపోతారు.